వెనక్కి తిప్పగలవాడే గైడ్

ఇరుకు లోయలో పారే వాగులోకి దిగి, బండలు పాకుతూ, మడుగులు ఈదుతూ, చిన్న జలపాతాల అంచున ఎక్కుతూ సాగడాన్ని గార్జ్ స్క్రాంబ్లింగ్ అంటారు. దీనికి తాళ్ల విద్య పెద్దగా అక్కర్లేదు. హెల్మెట్, చల్లని నీటిలో ఒంటి వేడిని కాపాడే వెట్‌సూట్, లైఫ్ జాకెట్ వేసుకుంటే గైడ్ ముందుండి నడిపిస్తాడు. అందుకే విద్యార్థులు, ఉద్యోగులు, కుటుంబాలు గుంపులుగా వెళ్తున్నారు. వెళ్లాలి కూడా. నడుము లోతు ప్రవాహంలో పక్కవాడి మణికట్టు పట్టుకుని నిలబడ్డప్పుడు పుట్టే నమ్మకం ఏ శిక్షణ తరగతిలోనూ పుట్టదు.

అయితే గైడ్ అంటే దారి చూపేవాడనుకుంటే పొరపాటు. లోయలో దారి తప్పడానికి చోటేదీ? అటూ ఇటూ రాతిగోడలే. అతను చూడాల్సింది నీటిని. దిగేముందు తనకు బాగా తెలిసిన ఒక బండ దగ్గర ఆగి, నిన్న పొడిగా ఉన్న అంచు ఇవాళ తడిసిందా అని చూస్తాడు. లోపల నడుస్తున్నంతసేపూ ఓ చెవి వాగు మీదే. తేటనీరు మట్టిరంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా ఎగువన వాన పడిందని అనుమానించాల్సిందే. గుంపు తల మీద మాత్రం ఎండ కాస్తూనే ఉండొచ్చు.

ప్రవాహ వేగం రెట్టింపైతే మనిషి మీద దాని తోపుడు నాలుగు రెట్లవుతుంది. మోకాలి లోతే కదా అని నిలబడబోయినవాడి పాదం రాళ్ల సందులో ఇరుక్కుంటే, ఆ తోపుడే అతన్ని వంచి నీళ్లలో ముంచేస్తుంది. కొట్టుకుపోతుంటే లేవొద్దు, కాళ్లు దిగువకు పెట్టి వెల్లకిలా తేలండి అని ముందే నేర్పేది అందుకే.

1999 జులై 27న స్విట్జర్లాండ్‌లోని సాక్సెటెన్‌బాఖ్ వాగులో కాన్యనింగ్‌కు, అంటే తాళ్లు కూడా వాడుతూ ఇలాంటి లోయల వెంట కిందికి దిగే ఆటకు, వెళ్లినవాళ్లను ఆకస్మిక వరద ముంచెత్తింది. 21 మంది చనిపోయారు. వారిలో ముగ్గురు గైడ్‌లు. 2008 ఏప్రిల్ 15న న్యూజిలాండ్‌లోని మాంగటెపోపో లోయలో ఆరుగురు విద్యార్థులు, ఒక ఉపాధ్యాయుడు వరదకు బలయ్యారు. గైడ్‌లే ప్రాణాలు దక్కించుకోలేకపోయిన చోట, లోపలికి దిగాక చూపే నైపుణ్యాన్ని నమ్ముకోలేం. దిగకముందు తీసుకునే నిర్ణయమే కాపాడాలి.

ఆ తర్వాత న్యూజిలాండ్ 2011లో సాహస కార్యకలాపాలకు భద్రతా తనిఖీ తప్పనిసరి చేసింది. స్విట్జర్లాండ్‌లో 2014 నుంచి ఇలాంటి యాత్రలు నడిపేవాళ్లు అనుమతి తీసుకోవాలన్న చట్టం అమలవుతోంది. మంచిదే. కానీ ఆ ఉదయం ఒడ్డున ఉండే ఒత్తిడిని ఏ తనిఖీ కొలుస్తుంది? పదిమంది ఎంతో దూరం నుంచి వచ్చి, వెట్‌సూట్లు తొడుక్కుని సిద్ధంగా ఉన్నారు. యాత్ర రద్దయితే గైడ్‌కు ఆ రోజు కూలి పోతుంది, నిర్వాహకుడు డబ్బు తిరిగివ్వాలి. ఇంతమంది ఎదురుచూపుల మధ్య ‘ఇవాళ వద్దు’ అనడం ఒక్క మనిషి ధైర్యానికి వదిలేయడం అన్యాయం. నీళ్లు ఫలానా గుర్తు దాటితే యాత్ర లేదు, డబ్బు పూర్తిగా వాపసు, గైడ్ కూలికి ఢోకా లేదు అన్న నియమం బుకింగ్ పత్రంలోనే ఉండాలి. గుండంలోకి దూకడానికి భయపడేవాళ్లకు పక్కదారి చూపిస్తామన్న మాట కూడా అందులోనే రాయాలి. తోటివాళ్ల కేకలకు సిగ్గుపడి దూకేవాళ్లే ఎక్కువగా దెబ్బలు తగిలించుకుంటారని నా భయం.

బుక్ చేసేముందు అందరూ లోయ ఎంత పొడవు, ఎన్ని దూకుళ్లు అని అడుగుతారు. పోయిన ఏడాది ఎన్నిసార్లు రద్దు చేశారని అడగండి. ‘ఒక్కసారి కూడా లేదు’ అని గర్వంగా చెప్పేవాళ్ల దగ్గర నేనైతే పిల్లల్ని వదలను.