నది అడుగును ఎవరు లెక్కపెడతారు?

బెంగళూరు మారతహళ్లిలో మా తెలుగువాళ్లం నలుగురం కలిస్తే, వేసవిలో మాట నీళ్ల మీదికే పోతుంది. 2024లో ట్యాంకర్ల కోసం పడ్డ పాట్లు ఎవరం మరిచిపోలేదు. ఆ అక్టోబరులో కావేరి ఐదో దశ మొదలైంది, రోజుకు 77.5 కోట్ల లీటర్ల పథకం. నది అనగానే మనకు టీఎంసీలు, క్యూసెక్కులే గుర్తొస్తాయి. నది అడుగు మాత్రం ఏ లెక్కలోకీ రాదు. దాని విలువ నాకు తెలిసింది బ్రౌన్ ట్రౌట్‌ను చూశాకే.

ఐరోపా చేప ఇది. 1900 ప్రాంతంలో స్కాట్లండ్ నుంచి గుడ్లు తెప్పించి కశ్మీరులో పెంచారు, తర్వాత కులూ వైపూ తెచ్చారు. ఓ నవంబరులో హిమాచల్‌లోని తీర్థన్ నది ఒడ్డున కూర్చున్నాను. మోకాల్లోతు నీళ్లలో ఓ ఆడచేప పక్కకు ఒరిగి, తోకతో గులకరాళ్లను చరుస్తోంది. చుట్టూ పాచి పట్టిన రాళ్లు. అది తవ్విన గుంటలో మాత్రం కడిగినట్టు తెల్లగా ఉన్నాయి. గుడ్లు పెట్టాక కాస్త ఎగువకు జరిగి, మళ్లీ తోక ఆడించి రాళ్లు కప్పేసింది.

నీళ్లు 10 డిగ్రీలుంటే ఆ గుడ్లు పొదగడానికి సుమారు 40 రోజులు పడుతుంది, 5 డిగ్రీలైతే దాదాపు రెట్టింపు. అన్నాళ్లూ రాళ్ల సందుల్లోంచి నీరు పారుతూ ప్రాణవాయువు అందించాలి. ఎగువన కొండ తొలిచిన మట్టి కొట్టుకొచ్చి ఆ సందులు పూడిపోతే, పైన నది నిండుగా పారుతున్నా లోపల గుడ్లు ఊపిరాడక చచ్చిపోతాయి.

కావేరి వెచ్చటి నది, ట్రౌట్ బతకదు. కానీ ఆ పరీవాహకంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని మూపురం మహసీర్ అనే చేప ఉంది. దానికీ పారే నీళ్లు, గులకరాళ్ల అడుగు కావాలి. 2018లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దాన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించింది. ఆనకట్టలు, ఇసుక తవ్వకాలతో పాటు బయటి నుంచి తెచ్చి వదిలిన మరో మహసీర్ కూడా దాన్ని దెబ్బతీసింది. ట్రౌట్‌ మీద ఎంత ఇష్టమున్నా, పరాయి చేపను నదిలో వదలడం తప్పేనని అందుకే అంటాను.

ఇప్పుడు కర్ణాటకలో కావేరి మీద మేకెదాటు దగ్గర దాదాపు 67 టీఎంసీల జలాశయం కడతామంటున్నారు, ముఖ్యంగా మన నగరం దాహం పేరు చెప్పి. పారే నీరు నిలిచిపోతే, తెచ్చిన ఒండ్రు అడుగునే దిగుతుంది. మన కుళాయి కోసమే కడుతున్నారు కాబట్టి అడగాల్సిందీ మనమే: మహసీర్ గుడ్లు పెట్టే గులకరాళ్ల మేటలు ఆ మునకలో ఎన్ని పోతాయి? ఆ పటం జనం ముందు పెట్టకుండా అనుమతి ఇవ్వకూడదు.