సవరణ: కావలి ఫిజిక్స్ మాస్టారి పోస్టు గురించి

రిటైరైన మా ఫిజిక్స్ మాస్టారు కావలిలో ఉద్యోగమంతా విక్రమ సింహపురి యూనివర్సిటీలోనే చేశారని మొన్న రాశాను. అది తప్పు. ఆ యూనివర్సిటీ వచ్చిందే 2008లో. అంతకుముందు కావలి పీజీ సెంటర్ తిరుపతి శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ కింద ఉండేది. మాస్టారి సర్వీసులో ఎక్కువ భాగం అప్పటిదే. ఆయన పాత విద్యార్థులు చెప్పారు, యూనివర్సిటీ వివరాల్లోనూ ఉంది.

రెండోది మాస్టారే ఫోన్ చేసి చెప్పారు. గ్లాసు నీళ్లలో నాలుగు చుక్కల పాలు వేసి, టార్చి కొట్టి ఆయన క్లాసులో చూపించే ప్రయోగాన్ని నేను రామన్ ఎఫెక్ట్ అన్నాను. కాదట, అది రేలీ తరహా పరిక్షేపణం, అంటే సన్నని కణాలకు తగిలి కాంతి చెదరడం. పక్కనుంచి చూస్తే నీళ్లు లేత నీలంగా, టార్చికి ఎదురుగా చూస్తే కాస్త ఎర్రగా కనిపిస్తాయి. నీలం కాంతి ఎక్కువగా చెదురుతుంది, అంతే. దాని తరంగదైర్ఘ్యం, అంటే రంగు, మారదు. ఆకాశం నీలంగా కనపడేదీ ఇందుకే. 1928 ఫిబ్రవరి 28న రామన్ కనిపెట్టింది వేరు: చెదిరిన కాంతిలో అతి కొద్ది భాగానికి తరంగదైర్ఘ్యమే మారిపోతుంది. అది టార్చి వెలుగులో కంటికి ఆనేది కాదు.

"నా సర్వీసు గురించి ఎట్టన్నా రాసుకో అబ్బయ్యా, ఫిజిక్స్ మాత్రం సరిచెయ్" అన్నారు. మాస్టారి పద్ధతి మారలేదు! పాత పోస్టులో రెండూ మార్చాను.