ఇండియా నుంచి వచ్చిన ఇండియన్

ఫొటోగ్రాఫర్ అన్ను పాలకున్నత్తు మాథ్యూ పనుల మీద మీరు రాసిన వ్యాసం చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఇంగ్లండ్‌లో పుట్టి, మన దేశంలో పెరిగి, అమెరికాలో స్థిరపడ్డారావిడ. ఏ ఊరని అడిగిన ప్రతిసారీ "ఇండియా నుంచి వచ్చిన ఇండియన్‌ని" అని విడమరిచి చెప్పాల్సి వచ్చేదట. కొలంబస్ పొరపాటు వల్ల అక్కడి ఆదివాసులకూ అదే పేరు పడింది కదా! ఎప్పుడో తెల్లవాళ్లు తీసిన ఆ ఆదివాసుల ఫొటోల పక్కన, అచ్చం అదే భంగిమలో మన బట్టల్లో ఆవిడ తీసుకున్న తన ఫొటోలు పెట్టి ఉంటే, చూసే మనకే గొంతు పట్టేస్తుంది.

కానీ ఒకే ఇంటి ఆడవాళ్ల పాత ఫొటో, కొత్త ఫొటో మెల్లగా ఒకదాంట్లో ఒకటి కలిసిపోయే ఆవిడ మరో సిరీస్ 'రీ-జెనరేషన్' గురించి ఇంకాస్త రాయాల్సింది. నాకు అదే ఎక్కువ నచ్చింది. మా అమ్మ 1974లో తెనాలిలో స్టూడియోకి వెళ్లి తీయించుకున్న ఫొటో ఒకటి మా ఇంట్లో ఉంది. గాజులు కనబడేలా కుర్చీ మీద చెయ్యి ఆనించి, నవ్వాలా వద్దా అన్నట్టు చూస్తుంటుంది. డల్లాస్‌లో పుట్టిన మా మనవరాలు మొన్న వీడియో కాల్‌లో అది చూసి, "అమ్మమ్మా, నేనెప్పుడు చీర కట్టుకున్నాను?" అంది. ఆ కళ్లు, ఆ గడ్డం దానివే మరి. ఈసారి వచ్చినప్పుడు దాన్ని అదే కుర్చీ పక్కన నిలబెట్టి ఫొటో తీస్తాను.