ట్యాంకు పట్టీ కింద గోనెసంచి పెట్టకండి

మొన్న తెల్లవారుజామున మిర్చి లోడుతో వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు వస్తున్నాం. ములుగు రోడ్డు మీద డీజిల్ వాసన గుప్పుమంది. దిగి టార్చి వేస్తే మా డీసీఎం వ్యాను డీజిల్ ట్యాంకు కింద, దాన్ని బండికి బిగించే పట్టీ వెంబడి చుక్కచుక్కగా కారుతోంది. బట్టల సబ్బు పామి, ఎలాగో మార్కెట్ దాకా చేరాం.

పట్టీ విప్పితే అసలు సంగతి తెలిసింది. ట్యాంకుకూ ఇనుప పట్టీకీ మధ్య గోనెసంచి ముక్క, నాలుగు మడతలు పెట్టి ఉంది. మట్టితో ముద్దయిపోయింది. లాగితే రేకు మీది తుప్పు పెచ్చులుపెచ్చులుగా దానితోనే ఊడొచ్చింది. మిగతా ట్యాంకు మీద రంగు కూడా పోలేదు. పట్టీ వెడల్పు మేరకే తినేసింది.

పోయినేడు వానలకు ముందు ట్యాంకు దించినప్పుడు పట్టీ కింది పాత రబ్బరు చిరిగింది, వేరేది వేశామన్నారు షెడ్డులో. ఏం వేశారో చెప్పలేదు. నాకు కోపం అక్కడే. చవక సామాను వేసినందుకు కాదు. కిస్తీలు కట్టుకునేవాడు ప్రతిదానికీ కంపెనీ పార్టే కొనాలంటే బండి నడవదు, అది నాకూ తెలుసు. కానీ గోనె, స్పాంజి, పాత దుప్పటి ముక్క నీళ్లు తాగుతాయి, తాగింది వదలవు. వానాకాలమంతా రేకుకు తడిగుడ్డ చుట్టి ఉంచినట్టే.

బరువు సంగతీ చూడండి. లీటరు డీజిల్ దాదాపు 830 గ్రాములు. 90 లీటర్ల ట్యాంకు నిండితే లోపల డీజిలే 75 కిలోలు. గుంతలో పడిన ప్రతిసారీ అదంతా ఆ రెండు పట్టీల మీదే ఎగిరి పడుతుంది. అలాంటిచోట బైండింగ్ వైరు, పార్సిళ్లకు చుట్టే సన్నటి రేకు పట్టీ బిగిస్తే రేకును కోసేస్తాయి.

మరి ఏం వేయాలి? ఇంట్లో ఒక పని చేశాను. రెండు సీసా మూతల్లో డీజిల్ పోసి, ఒకదాంట్లో టైరు ట్యూబు ముక్క, ఇంకోదాంట్లో నైట్రైల్ రబ్బరు షీటు ముక్క వేసి రెండు రోజులు ఉంచాను. ట్యూబు ముక్క ఉబ్బి, వేలితో నొక్కితే మెత్తగా అయింది. నైట్రైల్ ముక్క వేసినట్టే ఉంది. ఆయిల్ సీళ్లకు వాడేది ఆ రబ్బరే కదా. అందుకే డీజిల్ పోసే మూతి దగ్గర, ఒలికేచోట నైట్రైల్ షీటే వేయండి. అవతలి పట్టీకి పాత కన్వేయర్ బెల్టు ముక్క సరిపోతుంది. మన బొగ్గు గనుల వైపు అడిగితే దొరుకుతుంది, గట్టిగా ఉంటుంది. కోసిన అంచుల్లో గుడ్డ పొర బయటికి కనిపిస్తే మాత్రం అక్కడ రబ్బరు సొల్యూషన్ పూయండి, లేకపోతే అదీ నీళ్లు పీలుస్తుంది. బిగించిన రెండు మూడు రోజులకు రబ్బరు అణిగి పట్టీ వదులవుతుంది, నట్లు మళ్లీ బిగించాలి.

ఇంకొకటి, అన్నలారా. కారిన ట్యాంకు ఖాళీ చేసేశాం కదా అని నేరుగా వెల్డింగ్‌కు ఇవ్వకండి. డీజిల్ పోయినా ఆవిరి లోపలే ఉంటుంది, నిప్పు తగిలితే పేలుతుంది. ప్రాణాలు పోతాయి. నేను పాతదాన్ని పక్కన పడేసి సెకండ్‌హ్యాండ్ ట్యాంకు తెచ్చుకున్నాను.

ఈసారి పట్టీ బిగించేటప్పుడు దగ్గరే నిలబడి, కింద ఏం పెడుతున్నారో చూశాను. వానలు తగ్గాక మళ్లీ విప్పి, రేకు ఎలా ఉందో ఫొటో పెడతాను.