పచ్చ చొక్కా వేస్తే సరిపోదు

జూన్ 5, ప్రపంచ పర్యావరణ దినోత్సవం దగ్గరపడితే బెంగళూరు నర్సరీ స్కూళ్లలో ఒక తంతు తప్పదు. ముందురోజు సాయంత్రం తల్లుల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వస్తుంది. రేపు పిల్లలందరూ ఆకుపచ్చ బట్టల్లో రావాలి, చేతిలో భూగోళం బొమ్మ ఉన్న ప్లకార్డు ఉండాలి, వీలైతే ఒక మొక్క తేవాలి. పచ్చ చొక్కా లేనివాళ్లు పది నిమిషాల్లో సరుకు తెచ్చిపెట్టే యాప్ తెరుస్తారు. మారతహళ్లిలోనో హూడిలోనో స్టేషనరీ షాపుకు పరుగెత్తి థర్మోకోల్ షీటు, మెరుపు కాగితం, జిగురు కొనుక్కొస్తారు. రాత్రి పదకొండింటి దాకా నాన్న భూగోళం కోస్తే అమ్మ రంగులేస్తుంది. మర్నాడు మూడేళ్ల పాప 'సేవ్ వాటర్' అట్ట పట్టుకుని ఫొటోకి నిలబడుతుంది. దాని మీద ఏం రాసి ఉందో పాపకు చదవడం రాదు. ఫొటో స్కూలు ఇన్‌స్టాగ్రామ్ ఎక్కుతుంది, థర్మోకోల్ చెత్తబండి ఎక్కుతుంది.

ఇందులో ఇంకో విడ్డూరం ఉంది. అలంకరణకు వాడే థర్మోకోల్‌ను, బెలూన్లకు తగిలించే ప్లాస్టిక్ పుల్లలను, ప్లాస్టిక్ ప్లేట్లను, స్పూన్లను 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. కర్ణాటక అయితే 2016లోనే ప్లాస్టిక్ సంచులను నిషేధించింది. పర్యావరణ దినోత్సవం జరిపే ఉత్సాహంలో మనం పర్యావరణ చట్టాన్నే మీరుతున్నామన్నమాట.

పర్యావరణం మాట ఎత్తగానే 'మొక్కై వంగనిది మానై వంగునా' అంటూ చిన్నపిల్లల వైపు వేలు చూపించడం మనకు అలవాటు. మానుల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. మూడు నాలుగేళ్ల పిల్లలకు ఉపన్యాసం ఎక్కదు, రోజూ కళ్లముందు జరిగేదే ఎక్కుతుంది. చెత్త వేరుచేయాలని ఉదయం పాట పాడించిన టీచరే మధ్యాహ్నం మిగిలిన ఇడ్లీ ముక్క, టిష్యూ, జ్యూస్ డబ్బా ఒకే బుట్టలో పడేస్తే, పిల్లవాడికి గుర్తుండేది బుట్టే. అందుకే నర్సరీలో పర్యావరణాన్ని పాఠంగా చెప్పే పని మానేసి, బడి నడిచే తీరునే మార్చుకోవాలని మా అభిప్రాయం.

పర్యావరణాన్ని బడుల్లో తప్పనిసరిగా బోధించాలని సుప్రీంకోర్టు 1991లో పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో ఆదేశించింది. పై తరగతులకు ఆ మేరకు పుస్తకాలు వచ్చాయి. నర్సరీకి అలాంటి పుస్తకం లేదు. అది అదృష్టమనే చెప్పాలి. 2020 జాతీయ విద్యావిధానం గానీ, పునాది దశ కోసం 2022లో వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం గానీ ఈ వయసు వాళ్లకు ఆటపాటలతో, చేతిపనితో నేర్పమనే చెబుతున్నాయి. ఆరేళ్లలోపే మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా పూర్తవుతుందని విద్యావిధానంలో రాసిన మాటను మన స్కూళ్ల బ్రోషర్లు తెగ వాడుకుంటాయి. ఆ మాట చూపించి లెక్కలు, ఇంగ్లిషు అక్షరాలు ముందే దిగ్గొడతారు తప్ప, చెయ్యి కడుక్కుని కొళాయి కట్టడం కూడా అదే వయసులో పాదుకుంటుందని ఎవరికీ తట్టదు.

బెంగళూరులో వీధికో 'మాంటిసోరి' బోర్డు కనిపిస్తుంది. ఆ పేరుగల ఇటలీ విద్యావేత్త మరియా మాంటిసోరి 1907లో రోమ్‌లో పేదల వాడలో తొలి బాలగృహం తెరిచారు. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా ఈ దేశంలోనే ఉండిపోయి వందలమంది టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఆమె పద్ధతిలో అక్షరాల కంటే ముందు వచ్చేవి ఇంటిపనులు. చిన్న చెంబుతో గ్లాసులోకి నీళ్లు వంచడం, ఒలికితే గుడ్డతో తుడవడం, పిల్లల చేతికి సరిపడే చీపురుతో ఊడవడం, బట్ట మడతపెట్టడం, మొక్కకు నీళ్లు పోయడం. అవి బొమ్మ సామాన్లు కావు. గాజు గ్లాసు పడితే పగులుతుందని తెలిసిన పిల్ల దాన్ని రెండు చేతులతో పట్టుకుంటుంది. బోర్డు మీద ఆమె పేరు పెట్టుకుని లోపల గదినిండా ప్లాస్టిక్ వంటసామాను బొమ్మలు నింపినవాళ్లు ఈ ముక్క ఒకసారి చదువుకుంటే బాగుంటుంది.

ఇప్పుడు మట్టి సంగతి. ఈ నగరంలో ప్లే స్కూళ్లలో చాలా భాగం లేఅవుట్లలో అద్దె ఇళ్లు. ముందున్న నాలుగు గజాల జాగాలోనూ ప్లాస్టిక్ పచ్చగడ్డి పరుస్తారు. బురద అంటదు, ఫొటోలో బాగుంటుంది, ఎండకు కాలుతుంది. మట్టి ముట్టుకోని పిల్లలకు మట్టిని కాపాడమని చెప్పడం ఎలాగో మాకు అర్థం కాదు. స్థలం లేదన్న సాకు కూడా చెల్లదు. రెండు కుండీలుంటే చాలు. ఒకదానిలో అరటితొక్క, ఉల్లిపొట్టు, రాలిన ఆకులు. రెండోదానిలో బిస్కెట్ ప్యాకెట్ రేపరు. రెంటినీ మట్టి కప్పి, వారానికోసారి పిల్లల చేత నీళ్లు చిలకరించండి. నెలన్నర తర్వాత చిన్న గరిటెతో తవ్వనివ్వండి. మొదటి కుండీలో తొక్క ఆనవాలు దొరకదు, నల్లటి మట్టి, అందులో ఒకటో రెండో పురుగులు. రెండో కుండీలోంచి రేపరు మెరుస్తూనే పైకి వస్తుంది, మీద కంపెనీ పేరుతో సహా. దీనికి వివరణ ఏమీ అక్కర్లేదు. మర్నాటి నుంచి ఏ చెత్త చూసినా 'ఇది మట్టవుతుందా?' అని పిల్లలే అడుగుతారు. కుండీ వాసన వస్తోందంటే తడి ఎక్కువైందని, గుప్పెడు ఎండుటాకులు వేయాలని టీచరుకు తెలిస్తే చాలు.

ఈ కుండీల వెనక బెంగళూరుకు సొంతమైన కథ ఒకటి ఉంది. ఊరి చెత్తనంతా తెచ్చి తమ గడప ముందు పోస్తున్నారని గ్రామస్థులు తిరగబడితే 2012లో మావళ్లిపుర చెత్త డంపు మూతపడింది. ఆ భారమూ మండూరు మీద పడింది. అక్కడివాళ్లూ రోడ్డెక్కాక 2014 డిసెంబరు 1 నుంచి అక్కడా చెత్త పోయడం ఆపారు. బూదిగెరె క్రాస్ వైపు ఫ్లాట్లు కొనుక్కున్న మనవాళ్లలో ఎంతమందికి పక్కనే ఉన్న ఆ గుట్ట సంగతి తెలుసో! 2015 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు ఆదేశంతో ఊరంతటికీ 'రెండు డబ్బాలు, ఒక సంచి' పద్ధతి వచ్చింది. తడిచెత్తకు ఆకుపచ్చ డబ్బా, డైపర్లు, కట్టు గుడ్డల వంటి వాటికి ఎర్ర డబ్బా, కాగితం, ప్లాస్టిక్ లాంటి పొడిచెత్తకు సంచి. ఆకుపచ్చ, ఎరుపు గుర్తుపట్టడం నర్సరీ సిలబస్సే కదా. రంగులు నేర్పడానికి ప్లాస్టిక్ బంతులే ఎందుకు, ఈ డబ్బాలు చాలవా?

పొద్దున్నే వీధిలోకి పాట పెట్టుకుంటూ వచ్చే చెత్త ఆటోను ఈ ఊరి పిల్లలు ఎరగనిది కాదు. 'హసి కస, ఒణ కస' (తడిచెత్త, పొడిచెత్త) అని అరిచే ఆ గొంతు మన ఇళ్లలో పిల్లలకు కన్నడం నేర్పే మొదటి గొంతుల్లో ఒకటి. అసలు విషయమేమంటే, బెంగళూరులో వీధులూడ్చి చెత్త ఎత్తే పౌరకార్మికుల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఆంధ్ర ప్రాంతాల నుంచి వలస వచ్చిన దళిత కుటుంబాల వాళ్లు వాళ్లు. ఐటీ ఉద్యోగానికి వచ్చిన తెలుగువాళ్ల పిల్లలు చదివే నర్సరీ ముందు వీధి ఊడ్చే మనిషీ తెలుగే. అయినా ఇరుపక్షాల మధ్య పలకరింపు ఉండదు. నెలకోసారి ఆమెను లోపలికి పిలిచి, పిల్లల మధ్య కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఆ గంటకు తగిన డబ్బు ఇచ్చి, తన పని గురించి చెప్పమంటే అంతకు మించిన పర్యావరణ క్లాసు ఏముంటుంది? కలిపికట్టిన సంచిని చేత్తో విప్పితే డైపరు తగులుతుందని, గాజుపెంకు గుచ్చుకుంటుందని ఆమె చెబితే పిల్లలు వింటారు. పిల్లల కంటే ముందు స్కూలు యాజమాన్యం వినాలి, ఎందుకంటే ఆ డైపర్లలో కొన్ని అక్కడివే. పాత పేపర్లో చుట్టి ఎర్ర డబ్బాలో వేయడానికి ఖర్చేమీ కాదు.

నీళ్ల విషయంలో ఎక్కువ చెప్పక్కర్లేదు. 2024 వేసవి ఎవరూ మరిచిపోలేదు. తాగునీటితో కార్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని ఆ మార్చిలో జలమండలి ప్రకటించింది, కొళాయిలకు ధార తగ్గించే ఏరేటర్లు పెట్టించింది. తొరెకాడనహళ్లి నుంచి దాదాపు 100 కిలోమీటర్లు, మూడు చోట్ల పంపు చేస్తే గానీ కావేరి ఈ గుట్టల మీది ఊరికి ఎక్కదు. మూడేళ్ల పిల్లకు ఈ లెక్కలు అనవసరం. ఆమెకు అందే ఎత్తులో ఒక కొళాయి, సన్నటి ధార, కింద మిగిలిన నీళ్లు పట్టే బకెట్, ఆ బకెట్ నీళ్లు పోయడానికి ఒక మొక్క ఉంటే చాలు. చాలా స్కూళ్లలో కొళాయి పెద్దల ఎత్తులో ఉంటుంది. పిల్ల తిప్పలేదు, కట్టలేదు. ఆయా వచ్చి తిప్పుతుంది, ఆయాకు ఇంకో పది మంది పిల్లలు ఎదురుచూస్తుంటారు.

ఆయా మాట వచ్చింది గనుక ఇంకో సంగతి. టిష్యూకు బదులు చేతిగుడ్డలు, ఒలకబోసే చెంబులు, మట్టి అంటిన కాళ్లు, వీటన్నిటి చాకిరీ చివరికి పడేది తక్కువ జీతానికి పనిచేసే ఆయా మీదే. లక్షల్లో ఫీజులు తీసుకునే చోట కూడా పరిస్థితి ఇదే. పచ్చదనం పేరు చెప్పి ఆమె పని రెట్టింపు చేసి, జీతం అక్కడే ఉంచితే అది మోసం. మనిషిని అదనంగా పెట్టుకోవాలి, లేదంటే గుడ్డలు ఇంటికి పంపి ఇంట్లో ఉతికించాలి.

ఇక ఇళ్ల సంగతి. తరగతిలో 25 మంది ఉంటే ఏడాదికి 25 పుట్టినరోజులు. ఒక్కొక్కరు మిగతా 24 మందికీ రిటర్న్ గిఫ్ట్ పంచితే 600 వస్తువులు. వాటిలో ఎక్కువ భాగం రెండు రోజుల్లో చక్రమూడే ప్లాస్టిక్ కార్లు. స్కూలు ఒక్క సర్క్యులర్‌తో దీన్ని ఆపగలదు. పుట్టినరోజు పిల్లాడి పేరుతో తరగతికి ఒక పుస్తకం ఇస్తే చాలని రాస్తే, లోలోపల సంతోషించే తల్లిదండ్రులే ఎక్కువ. ఎవరో ఒకరు ముందు మానితే తామూ మానేద్దామని అందరూ చూస్తుంటారు.

మనవలను చూసుకోవడానికి కదిరి నుంచో మదనపల్లె నుంచో వచ్చి నెలల తరబడి ఉండే అవ్వలు, తాతలు ఈ ఊళ్లో లెక్కలేనంత మంది. కరువుసీమలో బిందె నీళ్లతో రోజు గడిపినవాళ్లు, పాత చీరతో బొంత కుట్టినవాళ్లు, బియ్యం కడిగిన నీళ్లు పారబోయనివాళ్లు వాళ్లు. వాళ్ల కాలంలో అంతా పచ్చగా ఉందని పొగడటానికి మాకు మనసొప్పదు. పారేసిందంతా మట్టయ్యేదే కాబట్టి అప్పట్లో చెల్లిపోయింది, ఇప్పుడు ఆ పల్లెల కంచెలకూ కవర్లే వేలాడుతున్నాయి. కానీ చేతిలో పని ఉన్నవాళ్లు వాళ్లు. స్కూలు గేటు దగ్గర మనవడి బ్యాగు అందించి వెనక్కి తిరిగే ఆ అవ్వను లోపలికి పిలిచి విస్తరాకు కుట్టి చూపించమంటే కాదంటుందా?

పిల్లలను భయపెట్టే ధోరణి మాత్రం వద్దు. భూమి చచ్చిపోతోంది, నీ వల్లే చెట్లు ఏడుస్తున్నాయి అని నాలుగేళ్లవాడికి చెప్పడం క్రూరత్వం. 2017 ఫిబ్రవరిలో, 2018 జనవరిలో బెళ్లందూరు చెరువు తగలబడితే దానికి కారణం పసిపిల్లలు ఒలకబోసిన నీళ్లు కావు, శుద్ధి చేయకుండా ఏళ్లతరబడి వదిలిన మురుగు. ఆ లెక్క పెద్దవాళ్లది, ప్రభుత్వానిది. పిల్లలకు అలవాట్లు నేర్పుతున్నామన్న తృప్తితో ఆ లెక్క చెరిపేసుకుంటే కుదరదు.

కాబట్టి అడగాల్సిన వాళ్లను అడుగుతున్నాం. 2025 సెప్టెంబరులో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు నగర పాలక సంస్థలు ఏర్పడ్డాయి. తమ పరిధిలోని ప్రతి ప్లే స్కూలులోనూ చెత్త వేరుచేస్తున్నారో లేదో అవి తనిఖీ చేయాలి. హోటళ్లకు నోటీసులిచ్చే చేత్తోనే వీటికీ ఇవ్వాలి. అంగన్వాడీలకు ప్రభుత్వం పిల్లల ఎత్తు కొళాయిలు, మట్టి కుండీలు ఇవ్వాలి. అక్కడి టీచర్లకు ఇది కొత్త కాదు, చాలాచోట్ల జాగా, నీళ్లే లేవు. ప్రైవేటు స్కూళ్లకు ఇవ్వాల్సింది ఏమీ లేదు, వాళ్ల దగ్గర డబ్బుంది.

అడ్మిషన్ల కోసం తిరిగే తల్లిదండ్రులకు ఒక మాట. ఏసీ ఉందా, సీసీ కెమెరా ఉందా అని అడుగుతున్నారు, అడగండి. దాంతోపాటు పిల్లల టిఫిన్ డబ్బాలో మిగిలింది ఎక్కడికి పోతుందో, చేతులు కడిగిన నీళ్లు ఎటు పోతాయో కూడా అడగండి. జవాబు రిసెప్షన్‌లో వినొద్దు. వెనకవైపు తలుపు తీసి డబ్బాలు చూపించమనండి.