‘పేట్రియార్క్’ను తెలుగులో ఏమనాలి?

తూర్పు దేశాల క్రైస్తవ సంఘాల వార్త ఏదొచ్చినా మన పత్రికల్లో ‘పేట్రియార్క్’ అనే అత్యున్నత బిషప్ ఒక చోట మతపెద్ద, ఇంకో చోట పీఠాధిపతి, మరో చోట ప్రధాన పూజారి అవుతున్నాడు. చివరిది పూర్తిగా తప్పు. పూజారి పని వేరు, ఆ పదవి వేరు. మిగతా రెండూ సగం సగం సరిపోతాయి. ఎందుకంటే ఈ ఒక్క మాట మూడు వేర్వేరు బంధాలను మోస్తోంది.

మొదటిది పుట్టుక. గ్రీకులో దీని అర్థం వంశానికి పెద్ద. తెలుగు బైబిల్ తెరిచి అపొస్తలుల కార్యములు చూడండి. 2:29లో దావీదు ‘మూలపురుషుడు’, 7:8లో యాకోబు పన్నెండుమంది కొడుకులు ‘గోత్రకర్తలు’. గ్రీకులో రెండు చోట్లా ఒకటే మాట. దావీదు ఒక రాజవంశానికి మొదలు. ఆ పన్నెండుమంది పేర్ల మీద గోత్రాలు ఏర్పడ్డాయి. సందర్భం చూసి మాట మార్చిన ఆ అనువాదకుల నేర్పు మెచ్చుకోదగ్గది.

అయితే తిరుపతి పాఠకుడికి గోత్రకర్త అనగానే తోచేది వేరు. గోవిందరాజస్వామి గుడిలో అర్చనకు ‘భారద్వాజస గోత్రం’ అని చెప్తాం. దాని వెనక ఆంగిరస, బార్హస్పత్య, భారద్వాజ అనే ముగ్గురు ఋషుల ప్రవర, అంటే ఆ గోత్రం చెప్పుకునే ఋషుల వరుస, ఉంటుంది. శ్రీవత్సస గోత్రానికి ఐదుగురు. ప్రవరలో ఒకరు, ఇద్దరు, ముగ్గురు, ఐదుగురు ఉంటారు గానీ నలుగురు ఉండరు. పైగా దత్తత వెళ్తే గోత్రం మారుతుంది, పెళ్లయితే ఆడపిల్లదీ మారుతుంది. ఇశ్రాయేలు గోత్రాలు అలా కాదు, వాటికి భూమి వాటా ఉంది. లేవీ గోత్రానికి వాటా లేదు. యోసేపుది ఎఫ్రాయిము, మనష్షే అనే ఇద్దరు కొడుకులకు రెండుగా వెళ్లింది కాబట్టి లెక్క మళ్లీ పన్నెండే. మాట ఒకటే కదా అని రెండింటినీ ఒకే గాటన కట్టేస్తే ఈ తేడా కనిపించదు.

రెండోది పీఠం. రోము, కాన్‌స్టాంటినోపుల్, అలెగ్జాండ్రియా, అంతియొకయ, యెరూషలేము ప్రాచీన పీఠాలు. యెరూషలేముకు ఆ హోదా 451లో ఖల్కిదోనులో జరిగిన బిషప్పుల మహాసభలో దక్కింది. మాస్కో పీఠం 1589లో ఏర్పడింది, 1721లో జారు పీటర్ దాన్ని రద్దు చేశాడు, 1917లో తిరిగొచ్చింది. మూలపురుషుణ్ణి ఎవరూ రద్దు చేయలేరు, పీఠాన్ని చేయగలరు. విలేకరులు తరచూ తడబడే చోటు ఇంకొకటుంది. కేరళ సిరో-మలబారు కాథలిక్కు సంఘాధిపతి పేట్రియార్క్ కాదు, 1992 నుంచి మేజర్ ఆర్చిబిషప్, అంటే పేట్రియార్క్ కన్నా ఒక మెట్టు కింద. ఆయన ఎన్నికకు పోపు ఆమోదం తప్పనిసరి. తూర్పు కాథలిక్కు పేట్రియార్క్ అయితే సినడు, అంటే ఆ సంఘం బిషప్పుల సభ, ఎన్నుకుంటుంది; ఎన్నికైనవారు ఒప్పుకున్నాక పోపుతో సహవాసం కోరుతారు.

మూడోది బోధ. జెన్ బౌద్ధుల గురుపరంపరలో నాగార్జునుడు పద్నాలుగోవాడు. బోధిధర్ముడు ఇండియా లెక్కలో ఇరవై ఎనిమిదో వాడు, చైనా లెక్కలో మొదటివాడు. అక్కడి చైనా మాటకు పూర్వీకుడని అర్థం. దాన్నే ఇంగ్లీషువాళ్లు పేట్రియార్క్ అన్నారు. ఇక్కడ పదవీ లేదు, రక్తసంబంధమూ లేదు. ‘గురుపరంపరలో ఆరవవారు’ అంటే చైనా జెన్ గురువు హుయ్‌నెంగ్ ఎవరో మనవాళ్లకు వెంటనే తెలుస్తుంది.

తిరుమలలో వైఖానస అర్చకత్వం పుట్టుకతో వస్తుంది, పెద్ద జీయరు పీఠం సన్యాసికి దక్కుతుంది. ఇద్దరినీ ఒకే మాటతో మనం పిలవం కదా. కాన్‌స్టాంటినోపుల్ వార్త రాసేటప్పుడు పేట్రియార్క్ అనే ఉంచి, మొదటిసారి వచ్చిన చోట ‘సంఘాధిపతి’ అని పక్కన చేర్చితే చాలు. అబ్రాహాము గురించి రాస్తే మాత్రం మూలపురుషుడనే రాయాలి.