బక్లావా గొప్పదనం పిస్తా రంగులో లేదు

రంజాన్ నెలలో హైదరాబాద్ మిఠాయి దుకాణాల్లో బక్లావా డబ్బాలు ఇప్పుడు మామూలే. పలచటి పిండి రేకుల మధ్య పిస్తా పెట్టి, నెయ్యితో కాల్చి, పాకం పోసిన మిఠాయి ఇది. కొనేవారి చూపు ముందు పైనున్న పచ్చటి పొడి మీదికే పోతుంది. టర్కీ ఆగ్నేయాన గాజియాంతెప్‌లో మాత్రం తినేవాళ్లు ముందు చెవితో చూస్తారు. ఫోర్కు గుచ్చగానే పై పొరలు కరకరమని విరగాలి. ఆపై ముక్కుకు నెయ్యి వాసన తగలాలి. తీపి సంగతి ఆ తర్వాతే.

దీని చరిత్రలో పిస్తా కంటే పళ్లేలే ఎక్కువ కనిపిస్తాయి. ఇస్తాంబుల్ తోప్‌కాపి ప్యాలెస్ వంటశాల లెక్కల్లో 1473 నాటికే బక్లావా ఉంది. ఒట్టోమాన్ కాలంలో రంజాన్ నెల 15వ రోజున సుల్తాన్ తన సొంత కాల్బలమైన జానిసరీ సైనికులకు పదిమందికి ఒక పళ్లెం చొప్పున పంచేవాడు. వాళ్లు వాటిని ఊరేగింపుగా తమ బ్యారక్‌లకు మోసుకెళ్లేవారు. 1826లో ఆ దళం రద్దయింది, ఊరేగింపూ పోయింది. 2006లో సైప్రస్ గ్రీకులు దీన్ని తమ మిఠాయిగా పోస్టర్ మీద చూపితే టర్కీ తయారీదారులు వీధికెక్కారు. ఎవరిదన్న ఆ తగవు ఎప్పటికీ తేలేది కాదు. ఎలా చేయాలో రాసి పెట్టుకోవడమే తెలివైన పని. 2013లో యూరోపియన్ యూనియన్ 'ఆంతెప్ బక్లావా'కు (ఆంతెప్ అంటే గాజియాంతెపే) భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. టర్కీ నుంచి ఆ గుర్తింపు పొందిన మొదటి ఉత్పత్తి ఇదే.

అసలు పనితనమంతా రేకులోనే. మైదా, గుడ్లు, నీళ్లు, ఉప్పు కలిపి గట్టిగా పిసికి, నాననిచ్చి, ఉండలు చేస్తారు. ఒత్తిన బిళ్లల మధ్య గోధుమ గంజిపొడి చల్లి, ఒకదానిపై ఒకటి పేర్చి, 'ఒక్లావా' అనే సన్నటి పొడవాటి కర్రతో అన్నిటినీ ఒకేసారి పలచబరుస్తారు. పొడి మైదా చల్లితే పిండి దాన్ని పీల్చుకుని రేకులు అంటుకుపోతాయి. గంజిపొడి అలా కలిసిపోదు. అవతల ఉన్న అక్షరాలు కనిపించేంత పలచన వచ్చాక పళ్లెంలో పరుస్తారు. మొత్తం 40 పొరల దాకా ఉంటాయి. మధ్యలో పిస్తాతో పాటు పాలు, రవ్వ ఉడికించిన మీగడ కూడా వేస్తారు. తడి ఉన్న ఈ మీగడ వల్లే అసలైన బక్లావా ఎక్కువ రోజులు ఆగదు.

నెయ్యి విషయంలో మనం అదృష్టవంతులం. ఊర్ఫా ప్రాంతపు గొర్రె, మేక పాల వెన్నను కాచి వాళ్లు వాడేది నెయ్యే. పచ్చి వెన్నలో ఆరో వంతు దాకా నీళ్లుంటాయి. పొయ్యిలో ఆ నీరు రేకుల్ని మెత్తబరుస్తుంది, పాల మడ్డి మాడి నల్ల చుక్కలు పడతాయి. ఇంట్లో బజారులో దొరికే ఫిలో అనే పలచటి పిండి రేకులతో చేసేవారు 500 గ్రాముల రేకులకు 250 గ్రాముల నెయ్యి, 300 గ్రాముల వేయించని పిస్తా తీసుకోవాలి. వేయించినది పొయ్యిలో రెండోసారి వేగి చేదెక్కుతుంది. ముక్కలు కాల్చక ముందే, అడుగుదాకా కోయాలి. కాలాక కోస్తే పై పొరలు పొడైపోతాయి, కోయకపోతే పాకం కిందికి దిగదు. 170 డిగ్రీల దగ్గర 45 నుంచి 50 నిమిషాలు పడుతుంది. పైన రంగు రాగానే తీసేయడం అందరూ చేసే పొరపాటు. అడుగు పొరలు పచ్చిగా ఉండిపోయి పాకంలో ముద్దవుతాయి.

పాకానికి 500 గ్రాముల పంచదార, 350 మిల్లీలీటర్ల నీళ్లు చాలు. పది నిమిషాలు మరిగించి, జిగురు తగిలాక తీగ సాగక ముందే దించాలి. చివర్లో ఒక చెంచా నిమ్మరసం వేస్తే పంచదార మళ్లీ పలుకులు కట్టదు. గాజియాంతెప్ దుకాణాల్లో పొయ్యిలోంచి తీసిన వేడి పళ్లెం మీదే మరిగే పాకం పోస్తారు. అందులోని నీరు అక్కడికక్కడే ఆవిరవుతుంది. ఇంటి ఓవెన్‌కు అంత ధాటి ఉండదు కనుక వేడి బక్లావా మీద చల్లారిన పాకం పోయడమే మేలు. పోశాక మూత పెట్టారో, ఆవిరి లోపలే తిరిగి కరకర పోతుంది.

ఇక పిస్తా. ఆంతెప్ వాళ్లు బక్లావాకు వాడేది పూర్తిగా పండక ముందే కోసిన 'బోజ్' పిస్తా. పప్పు చిన్నది, రంగు చిక్కటిది, దిగుబడి తక్కువ. పైగా ఆ చెట్టు ఒక ఏడు విరగకాసి మరో ఏడు మొండికేస్తుంది. కాబట్టి ధర మండుతుంది, దాని వెంటే కల్తీ వస్తుంది. రంగు వేసిన వేరుశనగ, బఠాణీ పొడి కూడా పచ్చగానే కనిపిస్తాయి మరి! రంగు చూసి కొనేవాడిని మోసం చేయడం తేలిక. విరిగే చప్పుడును మాత్రం రంగు వేసి తేలేరు.

ఈ మధ్య టర్కీలోనే పాలు పోసి, పైన కోకో చల్లిన 'చల్లటి బక్లావా' ఊపందుకుంది. పాలలో నానిన రేకుకు కరకర ఎక్కడిది? అది వేరే మిఠాయి, అలాగే తినాలి. ఇస్తాంబుల్ నుంచి ఇంటికి తెచ్చుకునేవారు మీగడ వేయని 'కురు' రకం అడగాలి. దాన్ని ఫ్రిజ్‌లో పెడితే నెయ్యి గడ్డకట్టి రేకులు మెత్తబడతాయి. బయట, నేరుగా ఎండ తగలని చోట ఉంచితే చాలు.